వంచమన్నా వంచని బాన

కిందటివారం మనం బానను గాలిలో వదిలేసి వచ్చాం.

గొలుసుకు వేలాడుతున్న ఆ ఇనప బానలో కరిగిన ఇనుము అంచుదాకా ఉంది. కింద ఇసుక అచ్చులు వరసగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. కార్ఖానా యజమాని పెద్దాయన. ఆయన కూతురు ముందుకు వచ్చి "వంచండి" అంది. బానను వంచే చక్రం పట్టుకున్న మనిషి కదల్లేదు. మళ్లీ అంది. ఆ మీద గొంతు చిరిగేలా అరిచింది. ఆ మనిషి తల దించుకున్నాడు తప్ప చక్రం తిప్పలేదు.

కరిగిన ఇనుము ఎవరి కోసమూ ఆగదు. తెల్లగా మెరిసేది పసుపైంది. పసుపు ఎరుపైంది. ఎరుపు మీద పాలమీద మీగడలా పొర కట్టింది. పొర గట్టిపడింది. చూస్తుండగానే బానలో ఉన్నదంతా ఒకే ముద్దై కూర్చుంది. ఇక దాన్ని పోయడానికీ లేదు, తీయడానికీ లేదు.

షెడ్డు గుమ్మంలో నిలబడి పంపులాయన ఇదంతా చూశాడు. ఈ కార్ఖానాలో పోసే ఇనప గుల్లలన్నీ ఆయన కంపెనీ పంపులకు పై తొడుగులే. ఆయన ముందే చెప్పాడు. "పెద్దాయన ఉన్నన్నాళ్లూ మాకు బెంగ లేదు. ఆయన తర్వాత ఎవరు? పోత పోయించగల మనిషి ఇంకొకరు ఉన్నారని నా కళ్లతో చూస్తే కొత్త ఒప్పందం రాసుకుందాం. లేదంటే మా చెక్క నమూనాలు మేం తీసుకుపోతాం." నమూనా లేకపోతే అచ్చు లేదు. అచ్చు లేకపోతే పోత లేదు. పోత లేని కార్ఖానాకు తలుపులెందుకు?

చూడవలసింది చూశాడు. "మధ్యాహ్నం లారీతో వస్తాను" అన్నాడు. వెళ్లిపోయాడు.

కూతురు ఇసుక కుప్ప మీద కూర్చుంది. చీర కుచ్చెళ్లలోకి ఇసుక వెళుతోంది. దులుపుకోలేదు.

ఆమెకు పని రాక కాదు. ఏళ్లకేళ్లు తండ్రి వెంట తిరిగి నేర్చుకుంది. ఇసుకను పిడికిట పట్టి నొక్కితే తడి చాలిందో లేదో చెప్పగలదు. గుల్లను సుత్తితో తట్టి, మోగిన మోత బట్టి లోపల పగులుందో లేదో చెప్పగలదు. ఇనుము రంగు చూసి ఇప్పుడు వంచాలి, ఇప్పుడు కాదు అని చెప్పగలదు. నేర్పడంలో పెద్దాయన ఏమీ దాచుకోలేదు. తిట్టి నేర్పాడు, కొసరి నేర్పాడు, అన్నం ముందు కూర్చున్నా నేర్పాడు. ఒక్క "వంచు" అన్న మాట మాత్రం ఆమెకు ఇవ్వలేదు. కార్ఖానా పెట్టిన నాటి నుంచీ ఆ మాట ఆయన నోటినుంచి వస్తేనే చెల్లేది.

కళ్లు మసకబారాక అదీ ఇచ్చాడు. పోత ముందురోజు అందరినీ పిలిచి, మెట్టు మీద నిలబడి, "ఇకనుంచి వంచమనేది మా అమ్మాయి. రేపు నేను కంటి డాక్టరు దగ్గర ఉంటాను. నా నీడ కూడా ఇక్కడ ఉండదు" అన్నాడు. ఆ మాటకు ఆమె కళ్లు చెమర్చాయి. పనివాళ్లు చప్పట్లు కొట్టారు.

అదే పనివాళ్లు ఇవాళ బొమ్మల్లా నిలబడ్డారు.

ఆమెకు ముందు అన్నయ్యకూ ఇదే జరిగింది. ఒకరోజు అన్నయ్య వంచమంటే ఎవరూ వంచలేదు. పెద్దాయన పరుగున వచ్చి తను వంచమన్నాడు, వంచారు. అన్నయ్య ఆ నెలలోనే ఊరొదిలి పోయాడు. ఇప్పుడు ఎక్కడో ఎవరి కొట్లోనో గుమస్తా. అతని తర్వాత జీతానికి వచ్చిన కళ్లజోడు మేనేజరుకూ అదే గతి. "మనుషుల చేత పని చేయించుకోవడం అందరికీ రాదమ్మా" అనేవాడు పెద్దాయన. ఆమె నమ్మింది. అన్నయ్య మూట కట్టుకుంటుంటే, "నీకు చేతకాలేదని ఒప్పుకోవచ్చుగా" అని కూడా అంది.

ఇవాళ తన వంతు.

షెడ్డులో నలుగురు గునపాలతో బానలోని ముద్దను పొడుస్తున్నారు. గునపం తగిలిన చోట ఠంగుమంటోంది, పెచ్చు కూడా లేవడం లేదు.

"వదిలెయ్యరా, దీన్ని గుమ్మం ముందు పెడితే కూర్చోడానికి బాగుంటుంది" అన్నాడొకడు.

"ఎవరు కూర్చుంటార్రా? రేపట్నించి మనమేగా. పని లేదుగా."

"నోర్ముయ్యండెహె. అమ్మాయిగారు వింటున్నారు" అన్నాడు మేస్త్రి.

ఆమె విన్నది. లేచింది. తిన్నగా కుళాయి దగ్గరికి నడిచింది.

అక్కడ చక్రం మనిషి చేతులు కడుక్కుంటున్నాడు. ఎప్పుడో కడగడం అయిపోయింది. అయినా కడుగుతూనే ఉన్నాడు. మెడ పొడుగు, పని నిప్పుల దగ్గర. అందుకని అందరూ నిప్పుకోడి అంటారు. ఎవరు పెట్టారో గాని అతికిపోయింది పేరు. ఆమెను చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని షెడ్డంతా తిప్పినవాడు. ఆమె అతన్ని బాబాయ్ అనే పిలుస్తుంది.

"బాబాయ్, నేను ఆడదాన్ననా?"

"ఛఛ, అదేం మాటమ్మా."

"మరి? రంగు చూడ్డం నాకు రాలేదా? తొందరపడ్డానా?"

"లేదు తల్లీ. సరిగ్గా అన్నావు. మీ నాన్న ఉన్నా అప్పుడే అనేవాడు."

"నీకు తెలిసే ఊరుకున్నావా?"

అతను కుళాయి కట్టాడు. మళ్లీ తిప్పాడు. "నీళ్లు సన్నగా వస్తున్నాయి" అన్నాడు.

"నీళ్ల సంగతి కాదు నేనడిగింది."

"ఈ కుళాయి ఎప్పుడూ ఇంతేనమ్మా. ఎన్నిసార్లు చెప్పినా..."

"బాబాయ్!"

ఆమె కుళాయి తనే కట్టేసింది. అతని తడి చేతులు గాలిలో ఉండిపోయాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదతనికి. చొక్కాకు తుడుచుకున్నాడు. జేబులోంచి ఫోను తీశాడు. ఆమెకు ఇవ్వలేదు. తన అరచేతిలోనే పెట్టుకుని దానివంక చూస్తూ మాట్లాడాడు.

"నిన్న మెట్టు దిగి ఇంటికెళ్లాక పెద్దాయన నాకు ఫోన్ చేశాడమ్మా. రేపు అమ్మాయి వంచమంటుంది, తొందరపడి వంచెయ్యకు. బాన బయటికి రాగానే నాకు ఫోన్ కొట్టు. రంగెలా ఉందో నువ్వు చెప్పు, వంచాలో వద్దో నేను చెప్తాను. దానికి తెలియనివ్వకు, చిన్నబుచ్చుకుంటుంది అన్నాడు."

ఆమె ఆ ఫోను వంక చూసింది.

"కొట్టానమ్మా. మోగింది, మోగింది, మోగింది. ఎత్తలేదు. నువ్వేమో అరుస్తున్నావు. ఇదేమో మోగుతోంది. నా పాట్లు ఆ బానకే తెలుసు."

"నీ కళ్లకు కనిపిస్తూనే ఉంది కదా బాబాయ్, ఇనుము చచ్చిపోతోందని."

"కనిపించింది. నా కళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఇన్నేళ్లలో నా కళ్లతో ఎవరికీ పని పడలేదు తల్లీ, నాకు కూడా. ఆయన వంచమంటే వంచడం, ఆపమంటే ఆపడం. అంతే నాకొచ్చింది."

ఆమెకు కోపం రావలసింది. రాలేదు. ఒక్క అనుమానం మాత్రం ఎముకలా గొంతులో అడ్డం పడింది. అడగకపోతే మింగలేదు. అడిగితే ఇక కక్కలేదు.

"అన్నయ్యప్పుడు?"

నిప్పుకోడి మెడ వంగిపోయింది.

"అప్పుడు ఫోన్లెక్కడివమ్మా" అన్నాడు మెల్లగా. "పైన ఆఫీసు కిటికీ ఉండేదిగా, దానికి తెర. అబ్బాయిగారు వంచమంటాడు. మేం అతని తల మీదుగా కిటికీ వంక చూడాలి. తెర పక్కకు జరిగితే వంచాలి. జరక్కపోతే ఆగాలి. ఒకసారి జరగలేదు. అతను అరిచి అరిచి మా కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. మేం అతన్ని లెక్కచెయ్యడం లేదనుకున్నాడు పాపం. చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే కొలువుంటుందా? కళ్లజోడాయనకీ అంతే."

"అందరికీ తెలుసా?"

"చక్రం దగ్గరున్న వాళ్లం మాకు తెలుసు. మేస్త్రికీ తెలియదు."

ఆమె కుళాయి గట్టు పట్టుకుంది. ఇన్నేళ్లూ ఇంట్లో అన్నయ్య పేరెత్తితే ఒకటే మాట, చేతకానివాడు. వదినతో ఆ మాటే. చుట్టాలతో ఆ మాటే. అతని ముఖం మీద కూడా ఆ మాటే. ఆ మాట తన నోటినుంచే వచ్చింది ఆఖరున.

అప్పుడు గేటు దగ్గర కారు ఆగింది.

పెద్దాయన దిగాడు. ఒక కంటికి కట్టు, దాని మీద నల్లద్దాలు. రెండో కన్ను సగం పోయిందే. డ్రైవరు చెయ్యి పట్టుకోబోతే విదిలించాడు. ఈ కార్ఖానాలో ఆయనకు కళ్లతో పని లేదు, కాళ్లకే దారి తెలుసు. షెడ్డులోకి వచ్చాడు. గునపాలు ఆగిపోయాయి. ఆయన చెయ్యి చాపి బాన అంచు తడిమాడు. అరచేతిని లోపలికి జరిపాడు. గడ్డ మీద ఇంకా వేడి ఉంది. చురుక్కుమన్నా చెయ్యి తియ్యలేదు.

"ఎవడు చేశాడీ పని?" అన్నాడు.

నవ్విన వాళ్లు, వేళాకోళమాడిన వాళ్లు అందరూ కుక్కిన పేనుల్లా అయిపోయారు.

"నిన్నేరా. చక్రం దగ్గర నువ్వేగా. ఏమైంది నీకు?"

నిప్పుకోడి అమ్మాయి వంక చూశాడు. ఆమె ముందుకు వచ్చింది.

"అతన్ననకు నాన్నా. నాకు చెప్పాడు."

పెద్దాయన ముఖం ఆమె గొంతు వచ్చిన వైపు తిరిగింది. "ఏం చెప్పాడు?" అన్నాడు. ఆ అడగడంలోనే తెలిసిపోయింది, ఆయనకు తెలుసని.

"ఫోన్ ఎందుకెత్తలేదు?"

"కట్టు కడుతున్నారమ్మా. రెండు కళ్లూ మూసి పడుకోబెట్టారు. కదలొద్దన్నారు. మోగింది. చెయ్యి చాపితే బల్ల మీంచి కింద పడింది. కింద మోగుతూనే ఉంది. అందివ్వండయ్యా అంటే, తర్వాత మాట్లాడుకోండి తాతగారూ అంటాడు ఆ కుర్రడాక్టరు." ఆగాడు. "వాడికేం తెలుసు."

"వాడికే కాదు, నాకూ తెలియదు. నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"చెబితే చిన్నబుచ్చుకుంటావని."

"ఇప్పుడు పెద్దబుచ్చుకున్నానా?"

వెనక ఎవరికో నవ్వు రాబోయి ఆగింది. పెద్దాయనకు రోషం వచ్చింది.

"నేనేం తప్పు చేశాను? కాపలా కాశాను. పోత ఒక్కసారి వంచితే మళ్లీ బానలోకి రాదు. ఒక్క మాట తప్పితే ఇన్ని అచ్చులూ నాశనం. నువ్వు తప్పు చేస్తే?"

"చేస్తే నేర్చుకునేదాన్ని."

"నువ్వు నేర్చుకునేలోపు కంపెనీ మునిగితే?"

"ఇప్పుడు తేలిందా?"

ఆయన బాన మీద చెయ్యి ఇంకా గట్టిగా అదిమాడు.

"నాకన్నీ నేర్పావు. ఇసుక నేర్పావు, రంగు నేర్పావు, మోత నేర్పావు. వీళ్లకు మాత్రం నా మాట వినొద్దని నేర్పావు. నిన్న ఇంటికెళ్లాక కూడా మర్చిపోకుండా ఫోన్ చేసి మరీ నేర్పావు. నేను గొంతు చించుకుంటుంటే పంపులాయన నన్ను ఎలా చూశాడో తెలుసా? జాలిపడ్డాడు నాన్నా. అరిస్తే బాధ లేదు. జాలిపడ్డాడు."

"ఆయనతో నేను మాట్లాడతాను. కొత్తవాళ్లు చక్రం దగ్గరున్నారని చెబుతాను. గొలుసు పట్టేసిందని చెబుతాను. రేపట్నించి నేనే వస్తాను."

"కళ్లు?"

"పక్కన నువ్వుంటావుగా. నువ్వు చూసి చెప్పు, నేను వంచమంటాను."

ఆమెకు నవ్వొచ్చింది. ఏడుపు రావలసిన చోట నవ్వొస్తే ఎలా ఉంటుందో అలా ఉంది ఆ నవ్వు. పనివాళ్లు నేల చూపులు చూశారు.

"అన్నయ్యకు తెర జరపలేదెందుకు?"

పెద్దాయన నల్లద్దాలు తీశాడు. కట్టు కట్టిన కంట్లోంచి నీరు కారుతోంది. అది మందో, మరొకటో.

"వాడు కుర్రాడు" అన్నాడు. "ఇంకొంచెం ముదరనిద్దామనుకున్నాను. ఇంకొక్క ఏడు. ఆ తర్వాత ఇంకొక్క ఏడు. వాడు నాకంటే బాగా చూసేవాడమ్మా రంగు. నాకు తెలుసు." బాన మీద నుంచి చెయ్యి తీశాడు. అరచెయ్యి ఎర్రగా కమిలింది. "నేను పోయాక కూడా ఇది ఉండాలనే ఇదంతా. ఉండాలనే."

"ఎవరితో ఉండాలి నాన్నా? ఎవర్ని మిగిల్చావు?"

మేస్త్రి ఒక ముక్కాలి పీట తెచ్చి పెద్దాయన వెనక పెట్టాడు. ఆయన కూర్చోలేదు.

బయట లారీ హారన్ మోగింది.

పంపులాయన దిగాడు. ఆరిపోయిన బాన వంక చూశాడు, పెద్దాయన వంక చూశాడు. నమస్కారం పెట్టాడు. పెద్దవాళ్ల ముందు ఎలా మొదలెట్టాలో తెలియని మనిషిలా కాసేపు గొంతు సవరించుకున్నాడు. మంచివాడే. మంచివాళ్లు తెచ్చే చెడ్డకబురు ఇంకా బరువు.

"నమూనాల కోసం వచ్చానండీ. ఏమనుకోవద్దు. ఇక్కడ ఎవరితో మాట్లాడాలి?"

పెద్దాయన అడుగు ముందుకేశాడు. "బాబూ, గొలుసు కొంచెం..."

"నమూనాలు పక్కగదిలో ఉన్నాయండీ" అంది కూతురు.

గొంతు పెద్దది చెయ్యలేదు. పొద్దుటి అరుపులతో అది ఎప్పుడో బొంగురుపోయింది. పనివాళ్ల వైపు తిరిగింది. "తీసుకురండి. అంచులు తగలకుండా జాగ్రత్తగా తీసుకురండి. వాళ్ల సొత్తు వాళ్లకు ఇచ్చెయ్యాలి."

మొదట నిప్పుకోడి కదిలాడు. అతని వెనక గునపాలు పట్టుకున్న నలుగురూ గునపాలు గోడకు ఆనించి కదిలారు. తర్వాత ఇసుకవాళ్లు. చెక్క నమూనాలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. చేతులు మారి మారి నున్నబడ్డ పెద్దపెద్ద చెక్క గుల్లలు. పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకుని తెచ్చారు.

"ఆగండి" అన్నాడు పెద్దాయన.

ఆగలేదు.

"ఆగండ్రా! నేను చెబుతున్నాను!"

నిప్పుకోడి పొడుగు మెడ ఒకసారి ఆయన వైపు తిరిగింది. అలవాటు అలాంటిది. కాళ్లు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ఆయన పక్కనుంచే వెళ్లాడు. నమూనాను లారీలో ఆనించి అమ్మాయి వంక చూశాడు. ఆమె తల ఊపింది. ఎక్కించాడు.

ఆ కార్ఖానాలో ఆమె మాట చెల్లడం అదే మొదలు. చెల్లిన మొదటి మాట ఇదైంది.

పెద్దాయన అప్పుడు కూర్చోబోయాడు. పీట కనిపించలేదు. మేస్త్రి జరిపి కూర్చోబెట్టాడు. నమూనాల గది ఖాళీ అయింది. పనివాళ్లు ఇప్పుడేం చెయ్యాలో తెలియక లారీ చుట్టూ నిలబడ్డారు. లారీ మనిషి వెనక తలుపు ఎత్తి గొళ్లెం పెట్టాడు.

పంపులాయన లారీ ఎక్కలేదు. గొళ్లెం మీద చెయ్యి వేసి అక్కడే నిలబడ్డాడు. తర్వాత వెనక్కి వచ్చాడు.

"అమ్మా, ఒక మాట. పొద్దున మీరు అరిచి చెబితే ఒక్కడు కదల్లేదు. ఇప్పుడు మీరు మెల్లగా చెబితే, పెద్దాయన వద్దన్నా ఒక్కడు ఆగలేదు. నేను పాతికేళ్లుగా కార్ఖానాలు చూస్తున్నాను, ఇలాంటిది చూడలేదు. ఈ మధ్యలో ఏం జరిగిందో నాకు చెప్పండి. ఉన్నదున్నట్టు చెబితే ఈ నమూనాలు మళ్లీ ఇక్కడే దించాలో లేదో ఆలోచిస్తాను. లేదంటే దారి పడతాను."

ఆమె తండ్రి వంక చూసింది.

చెబితే తండ్రి పేరు సాయంత్రానికి ప్రతి కార్ఖానాలోనూ నవ్వులాట అవుతుంది. కొడుకును తనే ఊరొదిలించాడని, కూతురి నోరు తనే కట్టాడని నలుగురూ టీ తాగుతూ చెప్పుకుంటారు. చెప్పకపోతే, పొద్దున పనివాళ్లు తనను లెక్కచెయ్యలేదన్నదే నిజమై మిగులుతుంది. లారీ పోతుంది. రేపు వీళ్లు ఎక్కడికి పోతారు?

పీట మీంచి ఒక చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆమె మణికట్టును పట్టుకుంది. కమిలిన అరచెయ్యి. ఇంకా వెచ్చగా ఉంది.

"చెప్పొద్దమ్మా" అన్నాడు పెద్దాయన, ఆమెకు మాత్రమే వినిపించేలా. "నీ కాళ్లు పట్టుకుంటాను. అది మాత్రం చెప్పొద్దు."

ఆయన ఎవరినీ ఎప్పుడూ బతిమాలలేదు. ఆ మాట ఎలా పలకాలో కూడా ఆయనకు సరిగ్గా రాలేదు.

పంపులాయన చేతిగడియారం చూసుకోలేదు. తొందరపెట్టలేదు. ఎదురుగా నిలబడ్డాడంతే. అతని వెనక నిప్పుకోడి, మేస్త్రి, గునపాలవాళ్లు, ఇసుకవాళ్లు అందరూ ఆమె నోటి వంకే చూస్తున్నారు.

ఆమె తండ్రి చేతి మీద తన రెండో చెయ్యి వేసింది. విడిపించుకోడానికో, పట్టుకోడానికో ఆ క్షణాన ఆమెకే తెలియదు.

"ఏమండీ" అని పంపులాయనను పిలిచింది.